చల్లబడకుండానే గడ్డకట్టే నీళ్లు

సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని మనం చదువుకున్నాం. అది పైనీటి లెక్క. లోతుకి వెళ్లేకొద్దీ పీడనం పెరిగి, ప్రతి 1000 మీటర్లకి ఆ హద్దు దాదాపు 0.75 డిగ్రీలు దిగుతుంది.

అంటార్కిటికాలో రాస్ మంచు ఫలకం అడుగున మంచు కరిగితే, అక్కడి నీటిలో ఉప్పు తగ్గుతుంది. తేలికైన ఆ నీరు పైకి లేస్తుంది. పీడనం తగ్గి హద్దు మళ్లీ పెరుగుతుంది. అంటే నీరు కొత్తగా చల్లబడలేదు, హద్దే దాన్ని దాటి పైకెళ్లింది! ఇదే అతిశీతల నీరు.

మెక్‌మర్డో సౌండ్‌లో ఇది పలుచని మంచు రేకులుగా మారి, సముద్రపు మంచుకి కిందనుంచి అతుక్కుంటుంది. ఆ రేకులు మంచుని కాస్త పైకి తేలుస్తాయి. దాంతో, ఎత్తుని బట్టి మందం లెక్కకట్టే ఉపగ్రహాలు అసలు కంటే ఎక్కువ చూపించొచ్చు.

కోడ్ రాసే నాకు ఇందులో నచ్చిన పాఠం ఒకటే: గడ్డకట్టే ఉష్ణోగ్రతని స్థిరసంఖ్యగా రాసేస్తే ప్రోగ్రామ్ ఏ ఎర్రర్ లేకుండా నడుస్తుంది, మంచు లెక్కే తప్పుతుంది.