నిలిచి చూచుట

వేసవి సెలవులు వచ్చినవనగానే నగరములందలి తల్లిదండ్రులకు ఒక విధమగు ఆందోళనము మొదలగును. ఈతకొక తరగతి, చిత్రలేఖనమునకొక తరగతి, కంప్యూటరునకొక తరగతి, ఇంగ్లీషు సంభాషణమునకొక తరగతి అని దినమును ముక్కలుగా పంచి, బిడ్డల వ్యక్తిత్వము వికసించుటకు ఇంతకు మించిన మార్గము లేదని మనసారా నమ్మి, మండుటెండలో వారిని ఒకచోటినుండి మరియొకచోటికి చేరవేయుచు అలసిపోవుచున్న ఆ తల్లిదండ్రుల ప్రేమను నేను శంకింపను. ఐనను, వ్యక్తిత్వమునకు పునాదియగు ఒక గుణము, అనగా ఒక వస్తువునెదుట తొందరపడక నిలిచి దానిని తుదిదాక చూడగల శక్తి, ఏ తరగతిలోను రుసుము చెల్లించి కొనదగినది కాదనియు, అది ఇంటికి దగ్గరనున్న పార్కులో, తల్లిదండ్రుల సరసన, కానీ ఖర్చు లేకుండ అలవడుననియు నా దృఢవిశ్వాసము.

అవధానమును మనవారు ఎంతటి శక్తిగా ఎంచిరో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. పృచ్ఛకులు ఎనమండుగురు ఎనిమిది వైపులనుండి ప్రశ్నలు సంధించుచుండ, ఒకరు గంట కొట్టుచు, ఒకరు అప్రస్తుతప్రసంగముతో దారి మళ్ళించుచుండ, నడుమ కూర్చున్న కవి దేనిని మరువక అన్నింటిని ధారణలో నిలుపుకొని తిరిగి అప్పగించు విద్యను సభలు చేసి సన్మానించిన జాతి మనది. అట్టి జాతి బిడ్డలు నేడు ఒక పుట ముగియకముందే లేచిపోవుచున్నారనియు, అమ్మమ్మ కథ చెప్పుచుండగా పలుమారులు ఫోను వంక చూచుచున్నారనియు తల్లులు వాపోవుట తరచుగా వినుచున్నాను. ఇందుకు బిడ్డలను నిందించి ప్రయోజనము లేదు. కదలెడి బొమ్మ తనంతట తానే కన్నును లాగుకొనును. కావున దానిని చూచుటలో చూచువాని ప్రయత్నమేమియు లేదు. చెట్టు అట్లు లాగదు. చెట్టును చూడవలెనన్న చూచువాడే తన దృష్టిని అటు నడిపింపవలెను. ఆ నడిపించుటయే అభ్యాసము. ఆ అభ్యాసమే క్రమక్రమముగా పుస్తకమునందును, చేపట్టిన పనియందును, ఎదుటివాని మాటయందును మనస్సును నిలుపగల నేర్పుగా మారును.

హైదరాబాదు మహానగరమునే తీసికొందము. జూబిలీహిల్సు, బంజారాహిల్సు ప్రాంతములలో భవనములు నలువైపుల ముసురుకొనియున్నను, 300 ఎకరములకు మించిన గుట్టల అడవి యొకటి 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడి, పూర్వ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేర నిలిచియున్నది. ఉదయపువేళ దాని నడకబాటపై పోవువారికి నెమలి కేక వినరాని దినము అరుదు. వనస్థలిపురమున మహావీర హరిణ వనస్థలి, వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2500 సంవత్సరములు నిండిన సందర్భమున 1975లో ఏర్పడి, కృష్ణజింకలకు నెలవైనది. చిలుకూరు వైపున మృగవని కలదు; నగరమధ్యమున పబ్లిక్ గార్డెన్సు, ఇందిరా పార్కు, హుస్సేన్ సాగరపు గట్టున సంజీవయ్య పార్కు కలవు. విశాఖవాసులకు కంబాలకొండ కలదు. ఇవేవియు అందుబాటులో లేని కాలనీవారికి సైతము నాలుగు వేపచెట్లును, ఒక కానుగయు, ఒక సిమెంటు బల్లయు గల మునిసిపల్ పార్కు చాలును. నేను చెప్పబోవు వానిలో ముప్పాతికపాలు అక్కడనే లభించును.

వేసవిలో చూచుటకేమున్నది, అంతయు ఎండిపోయినది గదా యని కొందరందురు. ఇది ఎండలో బయటికి పోనివారి మాట. ఏప్రిల్, మే నెలలలో రేలచెట్టు ఆకులను దాదాపు విడిచి, నిలువెల్ల పసుపుపచ్చని గుత్తులను వ్రేలాడదీసికొనును. తురాయి ఎర్రగా పూచును. కానుగ లేతచిగుళ్ళతో తళతళలాడును. కాకి గూడు కట్టును. ఆ గూటికై కోకిల పొంచియుండును. ఉదయము ఏడున్నర దాటకముందే పోయి, ఎండ చుఱుక్కుమనకముందే మరలివచ్చువారికి వేసవిని మించిన పాఠశాల లేదు.

ఒక్క దృశ్యమును దగ్గరగా చూపుదును. వానచినుకు తగులని చోట, చెట్టు మొదటి వేళ్ళ సందున గాని, కాపలావాని గది చూరు క్రింద గాని, పొడిబారిన మెత్తని మట్టిలో గరాటు ఆకారమున చిన్నచిన్న గుంటలు బారులు తీరియుండును. అవి చీమలను పట్టి తిను ఒక పురుగు త్రవ్వుకొన్న ఉచ్చులు. వెనుకకే నడచు ఆ పురుగు గుండ్రముగా తిరుగుచు, తలతో మట్టిని పైకి చిమ్ముచు గుంట త్రవ్వి, అడుగున తన దేహమును పాతిపెట్టుకొని, దవడలను మాత్రము విప్పార్చి కూర్చుండును. గుంట గోడలు ఎంత నిటారుగానున్నవనగా, ఇంకొక్క రేణువు కదలినను జారిపోవును. దారి తప్పిన చీమ అంచుపై కాలు మోపగానే మట్టి జారును; చీమ ఎగబ్రాకును; అడుగుననున్న పురుగు తల విదిలించి ఇసుక విసరును; చీమ మరల జారును. ఒక్కొక్కసారి చీమ తప్పించుకొనును. పలుమార్లు తప్పించుకొనలేదు. రసమును పీల్చివేసిన పిదప ఎండిన డొల్లను ఆ పురుగు గుంట వెలుపలికి గిరవాటు వేయును. ఈ పురుగే కొంతకాలమునకు మట్టితోను పట్టుదారముతోను ఒక గుండ్రని గూడల్లుకొని, అందుండి తూనీగవలె సన్నని నాలుగు రెక్కలతో వెలువడి, మునిమాపువేళ మెల్లగా ఎగురును.

ఎనిమిదేండ్ల బాలుడు ఈ గుంట ఎదుట గొంతుకూర్చున్నప్పుడు ఏమి జరుగునో గమనింపుడు. మొదట వాడు గడ్డిపరకతో గుంటను కెలుకును. పురుగు ఇసుక విసరగానే కేరింత కొట్టును. పిదప ఒక చీమను తెచ్చి అందులో పడవేయుదునా యని అడుగును. ఇచ్చట తండ్రి తొందరపడి ధర్మోపన్యాసము చేయరాదు, నవ్వి ఊరకుండనురాదు. "చీమ తానే వచ్చువఱకు చూతము నాన్నా" అని ప్రక్కన కూర్చుండిన చాలును. ఎదురుచూచుటలో పది నిమిషములు గడచును. అట్టి పది నిమిషములు ఆ బాలుడు అంతకుముందు ఎన్నడును కదలక కూర్చుండియుండడు. చీమ పడినప్పుడు వాని ముఖమున జాలియు ఉత్కంఠయు ఒకేసారి కనబడును. చీమయందు జాలి, పురుగు ఆకలియందు అవగాహన, ఈ రెండును ఒక్క మనస్సులో ఇముడుట పరిణతికి తొలిమెట్టు. పెద్దవారమైన మనలో ఎందరము కార్యాలయమునందు గాని, కుటుంబ కలహమునందు గాని, ఇరుపక్షముల బాధను ఒకేసారి మనస్సున నిలుపుకొనగలుగుచున్నాము?

తల్లిదండ్రులు ముఖ్యముగా మానవలసిన దొకటి కలదు: ఉద్యానవనమును మరియొక పరీక్షాలయముగా మార్చుట. చెట్టు కనబడగానే దాని శాస్త్రీయనామ మడుగుట, పక్షి ఎగురగానే స్పెల్లింగు చెప్పుమనుట, ఇంటికి రాగానే వ్యాసము వ్రాయుమనుట బిడ్డ ఆసక్తిని మొదటి వారముననే చంపివేయును. బిడ్డ అడిగిన ప్రశ్నకు సమాధానము తెలియనప్పుడు "నాకును తెలియదురా, ఇద్దరము కలిసి కనుగొందము" అనగల తండ్రి, సమస్తము తెలిసినట్లు నటించు తండ్రికన్న వేయిరెట్లు మేలైన గురువు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడనివాడు జీవితమంతయు నేర్చుకొనుచుండును. ఆ ధైర్యము బిడ్డకు తండ్రి నోట విన్నప్పుడే అబ్బును.

కోకిల సంగతి చూడుడు. అది మామిడిచిగుళ్ళు మెక్కి కూయునని మన కావ్యములు నేర్పినవి. ఆ కావ్యసంప్రదాయమునందు నాకు అపారమగు గౌరవము కలదు. ఐనను కోకిలను ఒక వారము వెంబడించి చూచిన బాలికకు అది రావిపండ్లును, మఱ్ఱిపండ్లును ఏరుకొని తినుట కంటబడును. నల్లగా నిగనిగలాడుచు ఎఱ్ఱని కన్నులతో కుహూయని కూయునది మగకోకిల; గోధుమవన్నె మేనిపై తెల్లచుక్కలు గల ఆడుకోకిలను చాలమంది పెద్దలు సైతము కోకిలయని పోల్చుకొనలేరు. అది కాకిగూటిలో గ్రుడ్డు పెట్టిన పిదప, కాకి తన నోటి మేతను ఆ పరాయి పిల్లకు అందించు దృశ్యము వేసవి చివర కొద్దిపాటి ఓపిక గలవారికి దొరకును. పుస్తకములో చదివినదానిని కంటితో సరిచూచుకొను అలవాటు ఒక్కమారు కలిగిన బాలిక, రేపు పత్రికలో చదివిన వార్తను గాని, ఫోనులో వచ్చిన పుకారును గాని విచారింపక నమ్మదు. ఇంతకన్న మించిన వివేకమును ఏ వ్యక్తిత్వ వికాస గ్రంథము నేర్పగలదు?

బాల్యమున ఇట్టి ఆసక్తికి ఒక పెద్దమనిషి చేయూత దొరికినచో అది ఎంతదూరము పోవునో సలీం అలీ జీవితము చెప్పును. 1896లో జన్మించి, పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగిన ఆ బాలుడు, తాను తుపాకితో కొట్టిన ఒక పిచ్చుక గొంతుపై పసుపుపచ్చని మచ్చయుండుట చూచి, ఇది ఏ పిట్టయని మేనమామ నడిగెను. మేనమామకు తెలియలేదు. తెలియనందున ఆ ప్రశ్నను త్రోసిపుచ్చక, బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు ఆ బాలుని ఆదరించి, భద్రపరచిన పక్షుల సేకరణను తెరచి చూపెను. ఆ బాలుడే పెరిగి 1941లో భారతదేశపు పక్షులపై ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. అంతకుముందే నిజాము రాజ్యమున పక్షులను సర్వే చేసెను. మేనమామ చేసినది స్వల్పము. ఒక బాలుని ప్రశ్నను ప్రశ్నగా గౌరవించెను, అంతియే.

మన పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఉదాహరణము నాకు ఇంకను ప్రియమైనది. కలకత్తాలో ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు హాల్డేను శిష్యుడై యుండి, ఈయన ఎంచుకొన్న పరిశోధనావస్తువు ఖరీదైన యంత్రము కాదు. కంచెల వెంట కంపగా పెరుగు లాంటానా పువ్వు. వేర్వేరు రంగుల లాంటానా పువ్వులపై కీటకములు వ్రాలు తీరును ఓపికగా గమనించి 1958లో ప్రకటించెను. ఆ పొద మన పార్కులలో చాలవరకు కనబడును. దానిలో అనేక రకముల పువ్వులు విచ్చినప్పుడు పసుపుపచ్చగానుండి, ముదిరినకొలది నారింజ, గులాబి వన్నెలకు మారును. కావున ఒక్క గుత్తిలోనే రెండు మూడు రంగులు కనబడును. అక్కాతమ్ములను ఇరువురిని దానియెదుట కూర్చుండబెట్టి, సీతాకోకచిలుక ఏ రంగుపై ఎన్నిసార్లు వ్రాలినదో పలకపై గీతలు గీయుమనుడు. అరగంటకు ఇద్దరి లెక్కలు కలియవు. ఎవరి లెక్క సరియని తగవు పడుదురు. మరునాడు ఇంకను జాగ్రత్తగా లెక్కింతురు. శాస్త్రము పుట్టినది ఈ తగవులోనే.

సాయంకాలము తాతగారికి, నాయనమ్మకు విడువదగినది. సూర్యుడు వాలుచుండగా నిద్రగన్నేరు క్రింద కూర్చుండి, దాని చిఱుటాకులు జంటజంటలుగా ముడుచుకొనుటను మనుమలకు చూపవలెను. తురాయి పువ్వు నొకదానిని నేలనుండి ఏరి, దాని అయిదు రేకులలో నాలుగు ఎఱ్ఱగానుండ ఒక్కటి తెల్లని, పసుపు చారలతో వేరుగా నిలిచియుండుటను చూపవలెను. ఆ పువ్వు కేసరముల తలలు ఒకదానికొకటి తగిలించి లాగి పందెము వేయు ఆటను పెద్దలు మరువకయున్నచో అదియు నేర్పవలెను. చెట్టుననున్నది కోయరాదు, నేల రాలినది ఎంతైన ఏరుకొనవచ్చును. ఈ ఒక్క నియమముతో బిడ్డకు నిగ్రహము నేర్పుటకు వేరు పాఠ మక్కరలేదు.

జాగ్రత్తలు క్లుప్తముగా చెప్పుదును. నీళ్ళసీసా, మజ్జిగ, టోపి, నూలుబట్టలు. మధ్యాహ్నపుటెండలో ఇల్లు కదలకుండుట. రాళ్ళ సందులలో చేయి పెట్టనీయరాదు. తెల్లని చిన్నపువ్వుల వయ్యారిభామ మొక్కను తాకనీయరాదు. దానివలన చర్మము దద్దురెక్కును. ఇంటికి వచ్చిన పిదప బాల్కనీలో నీడపట్టున లోతులేని మట్టిమూకుడులో పిట్టలకు నీరు పోసి, దినదినము కడిగి మార్చు పనిని బిడ్డకే అప్పగింపవలెను. ఒక మాసము తప్పక ఆ పని చేసిన పసివానికి బాధ్యత యననేమో తెలిసియుండును.

ఇంతవరకు బిడ్డలకై చెప్పినట్లు తోచినను, ఇందులో సగభాగము పెద్దలకే. పార్కులో బిడ్డ చీమల బారు వెంట పోవుచుండగా, బల్లపై కూర్చున్న తండ్రి ఫోనులో మునిగియుండుట నిత్యము కనబడు దృశ్యము. ఆ బిడ్డ "నాన్నా, చూడు!" అని పిలిచినప్పుడు తండ్రి తలయెత్తకయే "ఊఁ" యన్నచో, చూడదగినది ఆ చిన్నతెరలోనే కలదని బిడ్డకు మాటలు లేకుండ బోధించినవాడగును. ఒక్క గంట ఫోనును ఇంట వదలి వచ్చిన తండ్రికి బిడ్డ చేతిని పట్టుకొను వ్యవధి దొరకును. తనకు తాను దొరకును.

తల్లులారా, తండ్రులారా! రేలపూత ఎంతోకాలము నిలువదు. తొలకరి పడిన నాడు ఆరుబయటి మట్టిగుంటలు చెరిగిపోవును. జూన్ నెలలో పాఠశాలలు తెరవబడును. అంతలోపల ఏ తరగతికినీ కేటాయింపని ఉదయములు కొన్నింటిని మీ బిడ్డలకిచ్చి, వారితోకూడ మీరును పార్కునకు నడచి రండు.