కాక్‌పిట్‌లో ట్యాబ్లెట్: చేయవలసినవి, చేయకూడనివి

చిల్పూర్, స్టేషన్ ఘన్‌పూర్ వైపు పిల్లలు పైలట్ కావాలనుకుంటే దగ్గర్లో కనిపించే దారి బేగంపేటలోని తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ. 2025 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు కేంద్రం అనుమతి ఇచ్చాక ఆ కోరిక ఇంకొంచెం దగ్గరైంది. శిక్షణలో చేరగానే చాలామంది కొనేది ట్యాబ్లెట్. చార్టులు, చెక్‌లిస్టులు, బరువు లెక్కలు అన్నీ అందులోనే. 2011 డిసెంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు అన్ని దశల్లోనూ ఐప్యాడ్ వాడే అనుమతి వచ్చినప్పుడు పైలట్లు మోసే 16 కిలోల కాగితాల సంచి తేలికైంది. బరువు తగ్గింది గానీ, కాగితానికి లేని బ్యాటరీ, ఛార్జర్ వచ్చి చేరాయి.

అనుమతి

ట్యాబ్లెట్, దాన్ని నిలబెట్టే స్టాండు, కరెంటు ఇచ్చే సాకెట్: ఈ మూడింటినీ వేరువేరుగా చూడండి. ట్యాబ్లెట్‌నూ అందులోని యాప్‌లనూ ఎలా వాడాలన్నది ఆపరేషన్ల వ్యవహారం. విమానానికి బిగించిన స్టాండు, కొత్తగా వేసిన సాకెట్ విమాన నిర్మాణంలో మార్పు కిందికి వస్తాయి, అది ఇంజనీరింగ్ విభాగం సంగతి. మన దేశంలో రెండింటికీ పైన ఉన్నది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. ఒకదానికి దొరికిన అనుమతి రెండోదానికి పనికిరాదు. సంస్థ తన మాన్యువల్‌లో ఏ మోడల్ పేరు రాసిందో అదే వాడండి. గాలి పీడనం నియంత్రించే విమానమైతే పీడనం హఠాత్తుగా పడిపోయినా పనిచేస్తుందని పరీక్షలో తేలిన మోడలే ఉండాలి. మోడల్ మారితే ఆ పరీక్ష పాతదైపోయినట్టే. సెస్నా 172లో పీడన నియంత్రణ ఉండదు కాబట్టి శిక్షణ విద్యార్థికి ఈ బాధ తక్కువ.

కాగితాలను ఒక్కరోజులో వదిలేయకండి. కొంతకాలం రెండూ పక్కపక్కన నడిపి, ట్యాబ్లెట్ ఎప్పుడు మొరాయించిందో రాసి పెట్టుకోండి.

కరెంటు

అసలు ప్రమాదం ఇక్కడుంది. పాత సెస్నా 172లో కరెంటు 14 వోల్టులు, తర్వాతి వాటిలో 28. కారులో వాడే ఛార్జర్ మీద "12 వోల్టులు" అని మాత్రమే ఉంటే దాన్ని 28 వోల్టుల సాకెట్‌లో పెట్టకండి, కాలిపోతుంది. "12-24" అని ఉన్నదీ వద్దు. విమానం ఇచ్చే 28 ఆ హద్దు దాటుతుంది. 32 వోల్టుల దాకా తట్టుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్నదాన్నే కొనండి.

చవక ఛార్జర్‌తో ఇంకో చిక్కుంది. లోపలి సర్క్యూట్ నుంచి వచ్చే రేడియో రొద 118-137 మెగాహెర్ట్జ్‌లో, అంటే కంట్రోల్ టవర్‌తో మాట్లాడే చోటే వినిపించవచ్చు. కొత్త ఛార్జర్ తెచ్చినప్పుడు నేల మీదే ఇంజన్ నడుస్తుండగా, ట్యాబ్లెట్ పూర్తి వేగంతో ఛార్జ్ అవుతుండగా, రెండు రేడియోల స్క్వెల్చ్ (రొదను అణచే ఏర్పాటు) తెరిచి వినండి. జీపీఎస్ సిగ్నల్, దిక్సూచి కూడా చూడండి. ఛార్జర్ తీసినా, పెట్టినా తేడా లేకపోతేనే ఎగరండి.

సర్క్యూట్ బ్రేకర్‌ను స్విచ్‌లా వాడకండి. ఛార్జింగ్ ఆపాలంటే చేతికందే స్విచ్ ఉండాలి, లేదా వైరు వెంటనే ఊడి రావాలి.

పవర్ బ్యాంకు మీద మిల్లీ ఆంపియర్ అవర్లే రాసి ఉంటే వాటిని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అయితే 74 వాట్ అవర్లు. 100 దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. ఉబ్బిన బ్యాటరీని లెక్కలేవీ కాపాడవు, దాన్ని విమానం ఎక్కించకండి. బ్యాటరీ మార్చాల్సివస్తే తయారీదారు ఇచ్చిందే వేయించండి. గల్లీలో తక్కువ ధరకు దొరికేది వేయించుకుని కాక్‌పిట్‌లోకి తేవడం నా దృష్టిలో క్షమించరాని పొదుపు.

ఎండ, చోటు

ఐప్యాడ్ వాడటానికి తయారీదారు చెప్పే హద్దు 35 డిగ్రీలు. జనగామ, వరంగల్ మే నెల ఎండలో ఆపిన విమానం లోపలి వేడి దానికి ఎంతో పైన. అద్దం ముందు పెట్టి ఛార్జ్ చేయకండి. తొడుగు తీసి, నీడలో, గాలి తగిలేలా ఉంచండి.

స్టాండు బిగించాక విమానాన్ని నడిపే కంట్రోల్‌ను అన్ని దిక్కులా చివరి దాకా తిప్పి చూడండి. ఒడిలోనో, సీటు పక్కనో వదులుగా ఉంచకండి. 2014 ఫిబ్రవరిలో బ్రిటన్ వాయుసేన వాయేజర్ విమానంలో సీటు చేతి ఆనుకీ, విమానాన్ని నడిపే సైడ్‌స్టిక్‌కూ మధ్య ఒక కెమెరా ఇరుక్కుంది. 27 సెకన్లలో విమానం 4,400 అడుగులు పడిపోయింది. లోపల 198 మంది. ట్యాబ్లెట్ కెమెరా కంటే పెద్దది.

చార్టులు 28 రోజులకోసారి మారతాయి. ఇద్దరు పైలట్ల ట్యాబ్లెట్లనూ ఒకే రాత్రి అప్‌డేట్ చేయకండి. 2015 ఏప్రిల్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల చార్టుల యాప్ వరుసగా ఆగిపోయి పదుల కొద్దీ విమానాలు ఆలస్యమయ్యాయి. ఒక విమానాశ్రయం చార్టు రెండుసార్లు చేరడమే కారణం.

పొగ వస్తే

ముందు విమానం నడపండి. వైరు లాగేయండి, కరెంటు ఆపండి. మంట ఉంటే హాలన్ అగ్నిమాపక సిలిండర్‌తో ఆర్పి, తర్వాత నీళ్లో, మద్యం లేని ఏ ద్రవమో పోసి చల్లబరచండి. హాలన్ మంటను అణచగలదు గానీ లిథియం సెల్ లోపలి వేడిని తీయలేదు, మళ్లీ అంటుకోవచ్చు. ఐస్ కప్పకండి, గుడ్డతో మూయకండి. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. వేడిగా ఉన్నప్పుడు చేత్తో కదపకండి. గాలి వచ్చే దారులు తెరిచి, టవర్‌కు చెప్పి, దగ్గరి రన్‌వేపై దిగండి. దిగాక సంగతి టెక్నికల్ లాగ్‌బుక్‌లో రాయండి. చల్లారి మామూలుగా కనిపించినా ఆ ట్యాబ్లెట్‌ను, ఆ ఛార్జర్‌ను మళ్లీ ఏ సాకెట్‌లోనూ పెట్టకండి.