మార్చి లోపల సర్దుకొనవలసిన మగ్గమింటి కాగితాలు

ఆదాయపు పన్ను మాట ఎత్తినంతనే "అది షావుకార్ల బెడద, కూలికి నేసే మాకెందుకు?" అని తప్పుకొనుట మనవారికి అలవాటు. కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు నేతకుటుంబాలలో ఈ మాట తరచు వినబడుతుంది. కాని పన్ను కట్టనక్కరలేని వాని కూలిలో నుండి కూడా ముందుగా పన్ను పట్టుకొనవచ్చును. కాగితాలు సరిగా లేనిచో అది తిరిగి చేతికి రాదు.

షావుకారు తన నూలు ఇచ్చి, తాను చెప్పిన అంచు, రంగు ప్రకారం ఇంటి మగ్గం మీద నేయించుకొన్నచో, చట్టం దృష్టిలో అది కాంట్రాక్టు పని. ఇచ్చేది సహకార సంఘమో, కంపెనీయో, లేక క్రిందటి ఏడు కోటి రూపాయలకు మించి వ్యాపారం చేసిన షావుకారో అయినప్పుడు, కూలి ఒక విడతలో 30,000 గాని ఏడాదిలో 1,00,000 గాని మించితే నూటికి 1 చొప్పున పట్టవలెను. పాన్ నెంబరు లేకున్నను, ఆధారుతో జతపడక అది చెల్లనిదైనను, నూటికి 20 పట్టుదురు. నెలకు 12,000 కూలి అనుకొనండి. ఏడాదికి 1,44,000. పాన్ సరిగా ఉన్నవానికి పోయేది 1,440, లేనివానికి 28,800. రెండు నెలల కూలి కంటె ఎక్కువ!

2026 ఏప్రిల్ 1 నుండి 1961 నాటి చట్టానికి బదులు 2025 నాటి క్రొత్త చట్టం అమలులోకి వచ్చినది. సెక్షన్ల అంకెలు, ఫారముల నెంబర్లు మారినవి గాని ఈ పద్ధతి మారలేదు. బ్యాంకులో వడ్డీ మీద పన్ను పట్టవద్దని ఇచ్చే పత్రం కూలికి చెల్లదు. పట్టినది రావలెనన్న రిటర్ను వేయుట ఒక్కటే దారి.

ఇక మన ఇండ్లలో అసలు చిక్కు పేరు దగ్గర ఉన్నది. గంగయ్య కొడుకు బాలయ్య అనుకొందాము. పెళ్లిపత్రికలో ఇంటిపేరుతో బాలయ్య. తమిళ లిపిలో గ, క లకు ఒకటే అక్షరం, బ, ప లకు ఒకటే అక్షరం. కనుక రేషను కార్డు చూచి ఇంగ్లీషులో వ్రాసినవాడు 'కె. పాలయ్య' అనెను. పాన్‌లో పొడి అక్షరాలు కుదరవు గనుక 'గంగయ్య బాలయ్య'. ఇంటి దస్తావేజులో చివర చెట్టియార్ అనో నాయుడు అనో చేరెను. ఒక్క మనిషి నలుగురయ్యెను! ఆధారుతో జతచేయునప్పుడు పేరు, పుట్టిన తేదీ కలియనిచో పని అక్కడనే ఆగిపోవును. కావున ముందుగా అన్ని కార్డులు ఒక చాప మీద పరచి, ఏ పేరు ఎక్కడ ఎట్లున్నదో ఒక తెల్లకాగితం మీద వ్రాసుకొనండి. బ్యాంకు పుస్తకంలోని పేరుకు దగ్గరగా ఉన్నదానిని నిలుపుకొని తక్కినవి దిద్దించుకొనుట మేలు. ఈ పనికి వారాలు పట్టవచ్చును. మార్చి చివర మొదలుపెట్టితే లాభం లేదు.

తరువాత కూలి లెక్క. నూలు తూకం, దిగిన చీరలు, కూలి, అడ్వాన్సు వేరువేరు వరుసలలో ఉండవలెను. అడ్వాన్సును కూలిని కలిపి ఒకే అంకె వేసే షావుకారు లెక్క ఎవరికీ అర్థం కాదు, ఆయనకు తప్ప. పట్టిన పన్నుకు సర్టిఫికెట్టు అడిగి పుచ్చుకొనండి. అది అడుగుట మర్యాదకు లోపం కాదు. పట్టిన సొమ్ము మీ పాన్ క్రింద జమ అయినదో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో చూడవచ్చును, చదువుకొన్న పిల్లలను చూడమనండి.

ఆరు నెలలకొకసారి కట్టే ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒక కవరులో చాలును. యంత్రం మీద వచ్చే నున్నటి రసీదులపై అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోవును గనుక వెంటనే నకలు తీయించండి. మగ్గం గుంట ప్రక్కన పెట్టెలో పెట్టవద్దు, చెమ్మ పట్టును.

కండెలు చుట్టే ఆడవారికి వేరుగా కూలి ముట్టునట్లయితే, అది వారి పాన్, వారి బ్యాంకు ఖాతా క్రిందనే వ్రాయించండి. ఇంటిల్లిపాది పనిని ఒక్కని పేర వ్రాయించినందుననే చాలమంది కూలి లక్ష దాటుచున్నది.