నువ్వు కూర్చునే చోటెక్కడ, చెల్లెమ్మా?

ఏం చెల్లెమ్మా, ఇంట్లో కంప్యూటర్ కొనే మాట మళ్ళీ లేచిందట? మంచిదే. కొట్టుకెళ్ళే ముందు ఇలా వచ్చి కూర్చో, రెండు ముక్కలు మాట్లాడుకుందాం. అక్కడికెళ్తే కౌంటర్లో అబ్బాయి ఐ-ఫైవ్, ఐ-సెవెన్, గ్రాఫిక్స్ కార్డు అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు. ఇంట్లోవాళ్ళేమో ‘కొనేదేదో పెద్దదే కొనేయ్, మళ్ళీ మళ్ళీ కొంటామా’ అంటారు. నీ పనేమిటి, రోజులో ఎంతసేపు, ఎక్కడ కూర్చుని చేస్తావు అని మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే నేను అడుగుతున్నాను.

ముందు ఆ బలమైన ల్యాప్‌టాప్ సంగతి తేల్చేద్దాం. షోరూంలో రంగురంగుల లైట్లతో మెరిసిపోతుంది, కాదనను. ఒకసారి చేత్తో ఎత్తి చూడు, రెండున్నర కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. చార్జర్‌ని కూడా డబ్బాలోంచి తీయించు. ఇటుకలా ఉంటుంది, అదో అరకిలో. ఇవి రెండూ, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా భుజాన వేసుకుని సిటీ బస్సులో నిలబడేది నువ్వు, సలహా ఇచ్చినవాళ్ళు కాదు.

పైగా నంబరు చూసి మురిసిపోకు. 2023లో వచ్చిన ఎన్విడియా 4070 కార్డునే తీసుకో. డెస్క్‌టాప్‌లో పెట్టేదానికి 12 జీబీ మెమొరీ, 200 వాట్ల కరెంటు. అదే నంబరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదానికి 8 జీబీయే. కరెంటు 35 నుంచి 115 వాట్ల దాకా, ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ ఎంత ఇస్తే అంత. సన్నటి పెట్టెలోంచి వేడి బయటికి పోవాలి కదా మరి! అందుకే ఒకే నంబరున్న రెండు ల్యాప్‌టాప్‌లు కూడా ఒకేలా పరిగెత్తవు. ప్లగ్గు పీకావా, ఆ జోరు ఇంకా పడిపోతుంది. విమానంలో ప్రత్యేకంగా అనుమతి అడక్కుండా తీసుకెళ్ళే బ్యాటరీకి 100 వాట్-అవర్లు హద్దు. కాబట్టి ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ ఆ లోపే ఉంటుంది. వంద వాట్లు మింగే కార్డుకి అది గంట భాగ్యం.

అలాగని ఎవరూ కొనొద్దని కాదు. ఆర్కిటెక్చర్‌లోనో మెకానికల్‌లోనో సీటొచ్చి హాస్టల్‌కి వెళ్ళే పిల్లకి అదే సరైనది. రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తాయి, మంచి కార్డు కూడా అడుగుతాయి. దసరాకీ సంక్రాంతికీ ఇంటికి మోసుకొస్తుంది, అంతేగా! సీఎస్‌ఈ పిల్లకి అంత అక్కర్లేదు. సీ, పైథాన్ నేర్చుకోవడానికి మామూలుదే చాలు. ఏఐ ప్రాజెక్టు తగిలినప్పుడు గూగుల్ కోలాబ్‌లో కాసేపు గ్రాఫిక్స్ కార్డు ఉచితంగానే వాడుకోవచ్చు.

ఇక తేలికది. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళి తెచ్చుకునేదానివైతే వేరే ఆలోచన పెట్టుకోకు. 2022లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలే, లోపల ఫ్యానే లేదు కనుక చప్పుడూ ఉండదు. విండోస్‌లోనూ కిలోన్నర లోపు మంచివున్నాయి. లెక్కల పని చేస్తూ ట్యాలీ వాడేదానివైతే విండోస్‌దే తీసుకో. ఒక్క జాగ్రత్త చెప్తా విను. ఈ సన్నటివాటిలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది, తర్వాత పెంచుకోలేవు. కొనేరోజే 16 జీబీ తీసుకో. ఐ-సెవెన్ మీద పెట్టే డబ్బు దీనిమీద పెట్టు.

డెస్క్‌టాప్ అనగానే మొహం చిట్లిస్తావేం? మా పక్కవాటా ఆవిడ వంటల వీడియోలు చేస్తుంది. ఫోర్‌కే వీడియో ఎక్కించేసరికి మిషను నత్తనడక పట్టింది. ఆవిడ పక్కమూత స్క్రూలు రెండూ విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, ఇంకో ర్యామ్ స్టిక్కు రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కి మూతేసింది. నా చేతిలో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. డెస్క్‌టాప్‌తో ఆ సుఖముంది, ఏది చాలకపోతే అదొక్కటే మార్చుకోవచ్చు. మానిటర్ కళ్ళకి ఎదురుగా ఉంటుంది కనుక మెడ వంచి వంచి నొప్పులు తెచ్చుకోనక్కర్లేదు. కరెంటు పోతుందని భయమా? చిన్న యూపీఎస్ పెట్టుకుంటే పని సేవ్ చేసుకుని ఆపేసే టైమిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడు, చాలావాటికి ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లో ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి. ఇంటెల్‌దైతే 8వ జనరేషన్‌కి తగ్గనివ్వకు. విండోస్ 10కి 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది, 11 కావాలంటే ఆ జనరేషన్ తప్పనిసరి.

ఇప్పుడు అసలు మాట. ల్యాప్‌టాప్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు అంటారు చూడు, మన ఇళ్ళల్లో దాని అర్థం నీకంటూ చోటు అక్కర్లేదనే. భోజనాల బల్ల మీద మొదలెడతావు, కంచాలు పెట్టే వేళకి తీసేస్తావు. మంచం మీదికి మారతావు, ఎవరో నడుం వాలుస్తారు. చివరికి వంటింటి గట్టుమీద మిక్సీ పక్కన ప్లగ్గు వెతుక్కుంటావు. డెస్క్‌టాప్‌ని అలా జరపలేరు. అది పెట్టారంటే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మూల నీ పనికి రాసిచ్చినట్టే. ఇంటినుంచి పనిచేసే ఆడవాళ్ళకి నేను డెస్క్‌టాపే ముందు చెప్పేది అందుకే.

కాబట్టి కొట్టుకెళ్ళే ముందు టేపు పట్టుకుని ఇల్లంతా ఓసారి తిరుగు. మూడడుగుల బల్ల పట్టే చోటు, పక్కనే ప్లగ్గు దొరికితే డెస్క్‌టాప్ తెచ్చుకో. దొరక్కపోతే, ఇంతింట్లో నాకా మూడడుగులు ఎందుకు లేవని అందర్నీ కూర్చోబెట్టి అడుగు. ల్యాప్‌టాప్ రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.