స్టెప్పర్ మోటారు: వైర్లు కలపడం, పరీక్ష చేయడం



ఈసారి మన గోడ పత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చారు. మన ల్యాబులో ఉన్న చిన్న స్టెప్పర్ మోటారు గురించి రాస్తున్నాను. దాని మీద 28 బి.వై.జె.-48 అని ఉంటుంది. ఏ.సి.లో గాలిని పైకీ కిందికీ మళ్లించే రెక్కను ఇలాంటి మోటారే కదుపుతుంది. ప్రింటరులో కాగితాన్ని కొంచెం కొంచెంగా జరిపేది కూడా స్టెప్పర్ మోటారే.

మామూలు మోటారుకీ దీనికీ తేడా

బొమ్మ కారులో మోటారుకి రెండే వైర్లు. సెల్లు కలిపితే గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. స్టెప్పర్ మోటారు అలా కాదు. మన థింసా గుర్తు తెచ్చుకోండి. తుడుము దెబ్బ పడితే ఒక అడుగు, ఇంకో దెబ్బకి ఇంకో అడుగు. దెబ్బ ఆగితే ఉన్నచోటే ఆగిపోతాం. ఈ మోటారు కూడా కరెంటు దెబ్బకి ఒక అడుగు వేస్తుంది. ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్క పెట్టుకుంటే, ఎంత తిరిగిందో చూడకుండానే చెప్పొచ్చు.

లోపల ఏముంది?

మధ్యలో తిరిగే అయస్కాంతం ఉంటుంది. దాన్ని రోటారు అంటారు. చుట్టూ రాగి తీగ చుట్టలు నాలుగు. ఏ చుట్టలో కరెంటు పోతే అది అయస్కాంతంగా మారి రోటారుని ఒక అడుగు లాగుతుంది. నాలుగు చుట్టల ఒక్కో కొసనూ కలిపి ఒకే వైరుగా బయటికి తీశారు. అదే ఎర్ర వైరు, దాని పేరు కామన్. మిగతా కొసలు నీలం, గులాబీ, పసుపు, నారింజ. ప్రతి చుట్టలోనూ కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుకి పోతుంది. అందుకే దీన్ని యూనిపోలార్ అన్నారు.

రోటారు 32 అడుగులేస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. కానీ లోపల పళ్ల చక్రాలు ఉన్నాయి. రోటారు సుమారు 64 చుట్లు తిరిగితే బయట ఉన్న ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతుంది. 32 × 64 = 2048. అంటే ఇరుసు ఒక చుట్టు తిరగాలంటే సుమారు 2048 అడుగులు పడాలి. అందుకే ఇది మెల్లగా తిరుగుతుంది గానీ బలంగా తిరుగుతుంది.

మొదటి పరీక్ష: మీటరుతో

1. మల్టీమీటరుని 200 ఓమ్‌ల దగ్గర పెట్టండి. మోటారుకి ఏ కరెంటూ కలిపి ఉండకూడదు.
2. ముందు మీటరు రెండు పుల్లలనూ ఒకదానికొకటి తాకించండి. సున్నా గానీ, సున్నాకి దగ్గర గానీ రావాలి.
3. ఒక పుల్ల ఎర్ర వైరు మీద ఉంచి, రెండోది నీలం, గులాబీ, పసుపు, నారింజ మీద ఒక్కొక్కటిగా పెట్టండి. 5 వోల్టుల మోటారుకి నాలుగు సార్లూ సుమారు 50 ఓమ్‌లు రావాలి.
4. ఎర్రది వదిలేసి మిగతా వాటిలో ఏ రెంటి మధ్య చూసినా సుమారు 100 వస్తుంది. ఎందుకంటే కరెంటు రెండు చుట్టలు దాటాలి కదా.

ఎక్కడైనా మీటరు ఎడమ పక్కన 1 ఒక్కటే చూపిస్తే ఆ చుట్ట తీగ తెగింది అన్నమాట. 50 రావాల్సిన చోట 2, 3 వస్తే లోపల తీగలు ఒకదానికొకటి తగిలి ఉన్నాయి. నాలుగూ సమానంగా వస్తే చుట్టలు బాగున్నట్టే.

వైర్ల రంగులు తెలియని పాత మోటారు దొరికినా భయం లేదు. ఐదు వైర్లలో మిగతా అన్నిటితోనూ తక్కువ ఓమ్‌లు చూపించేదే కామన్.

రెండో పరీక్ష: సెల్లులతో

మూడు టార్చి సెల్లులు వరసగా పెడితే 4.5 వోల్టులు. ప్లస్సుని ఎర్ర వైరుకి కలపండి. మైనస్ వైరుని చేత్తో పట్టుకుని నీలం, గులాబీ, పసుపు, నారింజ, మళ్లీ నీలం, ఇలా వరసగా తాకించండి. తాకించినప్పుడల్లా వేలికి టిక్కు టిక్కుమని తెలుస్తుంది.

ఇరుసు కదిలింది కంటికి కనబడదు. అందుకే 20 సెంటీమీటర్ల చీపురు పుల్లని ఇరుసుకి అంటించండి. ఒక అడుగుకి పుల్ల చివర 0.6 మిల్లీమీటరే జరుగుతుంది. 32 సార్లు తాకిస్తే సుమారు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. పళ్ల చక్రాల మధ్య కొంచెం సందు ఉంటుంది కాబట్టి మొదటి కొన్ని సార్లు పుల్ల కదలకపోవచ్చు. ఆపేయకండి.

గమనిక: వైరుకి రబ్బరు తొడుగు ఉన్నచోటే పట్టుకోవాలి. వదిలేటప్పుడు తీగచుట్ట చిన్న నిప్పురవ్వ వేస్తుంది. ఒకే చుట్టకి ఎక్కువసేపు కరెంటు ఇస్తే మోటారు వేడెక్కుతుంది. గోడ ప్లగ్గు కరెంటు దీనికి ఎప్పుడూ తగిలించకూడదు.

మూడో పరీక్ష: బోర్డుతో

5 వోల్టులని 50 ఓమ్‌లతో భాగిస్తే 0.1 ఆంపియరు, అంటే 100 మిల్లీ ఆంపియర్లు. ఆర్డునో కాలు అంత ఇవ్వలేదు. 40 దాటితే అది పాడవుతుంది. అందుకే మధ్యలో యు.ఎల్.ఎన్. 2003 అనే చిప్పు ఉన్న బోర్డు పెడతారు. ఆర్డునో చిన్న సైగ చేస్తుంది, బరువు చిప్పు మోస్తుంది. తీగచుట్ట వేసే నిప్పురవ్వ దెబ్బను తప్పించే డయోడ్లు కూడా ఆ చిప్పులోనే ఉన్నాయి.

బోర్డుకి వేరే 5 వోల్టులు ఇవ్వండి. దాని మైనస్సూ ఆర్డునో మైనస్సూ తప్పకుండా కలపాలి. అది కలపకపోతే సైగ అందదు. బోర్డు మీద ఉన్న నాలుగు చిన్న లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలగాలి. లైట్లు వెలగకపోతే లోపం సైగ వైపు ఉంది. వరసగా వెలిగినా మోటారు కదలకపోతే మోటారు ప్లగ్గు చూడండి. కదలకుండా గుయ్యిమంటే వరస తప్పింది, లేదా మరీ తొందరగా దెబ్బలు పడుతున్నాయి. అడుగుకీ అడుగుకీ మధ్య ముందు 10 మిల్లీ సెకండ్లు ఇచ్చి చూడండి.

కాలిపోయిందన్న మోటారు

మన ల్యాబు పెట్టెలో ఒక మోటారు మీద "కాలిపోయింది" అని చీటీ అంటించి ఉండేది. చివరిసారి దాన్ని పట్టుకున్న ఎనిమిదో తరగతి చెల్లిని అందరూ "నువ్వే కాల్చావు" అన్నారు. అప్పట్నించి ఆ చెల్లి ల్యాబుకి రావడం మానేసింది. పోయిన వారం నేనూ ఇంకో ఇద్దరం దానికి మీటరు పెట్టి చూశాం. 51, 50, 51, 51. నాలుగు చుట్టలూ బాగున్నాయి. చీపురు పుల్ల కూడా కదిలింది.

మరి ఆ రోజు ఎందుకు గుయ్యిమని ఊరుకుంది? చెల్లి బోర్డు వైర్లు 1, 2, 3, 4 అని సరిగ్గానే పెట్టింది. ప్రోగ్రాములో కూడా అలాగే రాసింది. కానీ ఆర్డునోతో వచ్చే స్టెప్పర్ లైబ్రరీకి ఈ మోటారు కాళ్లను 1, 3, 2, 4 అని చెప్పాలి. లేకపోతే రోటారు ముందుకీ వెనక్కీ ఊగుతుంది తప్ప తిరగదు. ఇది పుస్తకం చూస్తే గానీ తెలిసే విషయం కాదు. 2, 3 మార్చగానే మోటారు తిరిగింది.

చీటీ చింపేశాం. చెల్లి గదికి వెళ్లి సంగతి చెప్పాం. "చూస్తాలే అక్కా" అంది, ఇంకా రాలేదు. ఆ మోటారుని తన కోసమే పెట్టె పైన ఉంచాం. తోటివాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. వస్తువు మీద గానీ మనిషి మీద గానీ చీటీ అంటించే ముందు నాలుగు కొలతలు తీయండి. రెండు నిమిషాల పని.

ఆలోచించండి: ఈ మోటారుతో గడియారం చేస్తే నిమిషాల ముల్లు గంటకి ఒక చుట్టు తిరగాలి. ఎన్ని సెకండ్లకి ఒక అడుగు వేయించాలి? లెక్క చేసి తెచ్చి నాకు చూపించండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని