ప్రావిడెంట్ ఫండ్: మన హక్కు ఎంత, అందులో ఇతరుల హక్కు ఎంత?

జుమా నమాజు తర్వాత ఇమామ్ గారి దగ్గర ఆగి ఉద్యోగస్తులు అడిగే ప్రశ్న ఒకటుంది. "పి.ఎఫ్. మీద కలిపి ఇచ్చేది వడ్డీయేనా? తీసుకోవచ్చా?" అడిగేవారిలో చాలామంది రిటైర్‌మెంటుకు ఏడాదో రెండేళ్ళో మిగిలినవారు. సందేహం మంచిదే. అయితే ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అడిగి ఉంటే, ముప్పై ఏళ్ళ లెక్కను ఇప్పుడు ఒక్కరోజులో తేల్చుకోవలసిన అవస్థ తప్పేది.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ముసలితనానికి దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరు భావిస్తారు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఏడేళ్ళ పంటను వెన్నులతోనే నిలవచేసి, రాబోయే ఏడు కరువు సంవత్సరాలకు దాచమన్న వృత్తాంతం దివ్యఖుర్‌ఆన్‌లో ఉంది. మహాప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాదికి సరిపడా ఆహారం కేటాయించేవారని హదీసులు తెలుపుతున్నాయి. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి, తన ఆస్తిలో అధిక భాగం దానం చేస్తానన్నప్పుడు ఆయన (స) మూడో వంతుకు మించనివ్వలేదు. వారసులు ఒకరి ముందు చేయి చాచే స్థితిలో మిగలకూడదన్నదే అందుకు చెప్పిన కారణం.

ఇక జీతం చీటీ చూద్దాం. మూల వేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలు అనుకుంటే, ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 రూపాయలు కోత పడుతుంది. యజమాని కూడా అంతే చెల్లిస్తాడు. కానీ ఆయన వాటాలో 8.33 శాతం, అంటే 1,250 రూపాయలు పింఛను పథకానికి పోతాయి. మిగిలిన 550 మాత్రమే పి.ఎఫ్.లో చేరుతుంది. అంటే నెలకు మన పేర జమ అయ్యేది 2,350. పింఛను సంగతి అంతంతమాత్రమే. ఇదే వేతనం మీద 30 ఏళ్ళు పనిచేసినవారికి కూడా నెలకు ఏడు వేలు రావు. పదేళ్ళ సర్వీసు నిండనివారికి నెలవారీ పింఛనే లేదు. ఉద్యోగం మారినప్పుడల్లా పాత ఖాతాను బదిలీ చేసుకోకుండా సొమ్ము తీసేసుకునే యువకులు ఈ సర్వీసును కూడా పోగొట్టుకుంటున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వడ్డీ హరామ్ అన్న విషయంలో ముస్లిములకు రెండో అభిప్రాయం లేదు. పి.ఎఫ్.లో కలిసే అదనపు సొమ్ము ఆ నిర్వచనం కిందికి వస్తుందా అన్నదే చర్చ. 2023-24, 2024-25 సంవత్సరాలకు ప్రకటించిన రేటు 8.25 శాతం. దాన్ని వడ్డీ అనే పిలుస్తారు. కానీ పేరును బట్టి కాక వ్యవహారాన్ని బట్టి హుకుమ్ ఉంటుందంటారు మన ఫుఖహాలు. ఈ విషయమై ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. తప్పనిసరిగా కోసిన సొమ్ము ఉద్యోగి చేతికే రాలేదు, అతను దాన్ని ఎవరికీ అప్పుగా ఇవ్వలేదు. కనుక దానిపై కలిపి ఇచ్చేది వేతనపు కొనసాగింపే తప్ప వడ్డీ కాదన్నది ఆయన వాదన. ఉపఖండపు హనఫీ ఉలమాలలో చాలామంది దీన్నే అనుసరిస్తున్నారు. ఆ అదనాన్ని పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలనే పండితులూ ఉన్నారు.

ఉద్యోగి తన ఇష్టంతో 12 శాతానికి మించి కట్టించుకునే సొమ్ము సంగతి వేరు. అక్కడ 'తప్పనిసరి' అన్న ఆధారం లేదు. కనుక దానిపై వచ్చే అదనానికి దూరంగా ఉండడమే క్షేమమని మేము భావిస్తున్నాము. చేరేటప్పుడే వేతనం పరిమితి దాటి, పథకం వద్దనుకునే వీలున్నవారు కూడా తమ విషయాన్ని ఆలిమ్‌కు విడిగా వివరించి అడగాలి. పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా, అదనం వేర్వేరుగా కనిపిస్తాయి. ఏటా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చివరికి ఏ అభిప్రాయాన్ని పాటించినా లెక్క తడుముకోనక్కరలేదు.

జకాత్ విషయంలో, తప్పనిసరి కోత సొమ్ము చేతికి అందాకే జకాత్ వర్తిస్తుందనీ, గడచిన ఏళ్ళకు చెల్లించనక్కరలేదనీ హనఫీ ఉలమాల ఫత్వా. ఇష్టంతో కట్టిన భాగానికి మాత్రం ఏటా రెండున్నర శాతం లెక్కగట్టాలి.

మా అనుభవంలో ఈ సొమ్మును ఎక్కువగా మింగేది అమ్మాయి పెళ్ళి. వరుడు చెల్లించవలసిన మహర్‌కు బదులు వధువు తండ్రి పి.ఎఫ్. తీసి కట్నం చెల్లించడం షరీఅతును తలకిందులు చేయడమే. అలా తీసిచ్చి, అరవై దాటాక వాచ్‌మన్ పనికి వెళ్తున్న పెద్దలను మన వీధుల్లో చూస్తూనే ఉన్నాం. పెళ్ళిలో భోజనాలు బాగున్నాయన్న వారెవరూ తర్వాత ఆ ఇంటి కిరాయి కట్టరు కదా! రెండో ప్రమాదం 'హలాల్ లాభం' ఆశ. 2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాదు, బెంగుళూరు కేంద్రంగా ఆ పేరుతో డిపాజిట్లు సేకరించిన సంస్థలు కూలిపోయి వేలాది ముస్లిం కుటుంబాలు నష్టపోయాయి. ప్రతి నెలా ఇంత అని లాభం ముందే ఖాయం చేసే వ్యాపారం షరీఅతు దృష్ట్యా కూడా అనుమానించదగినదే. లాభనష్టాలు రెండూ ఉంటాయని ముందే చెప్పి, షరీఅతు ప్రమాణాలతో కంపెనీలను ఎంచుకునే మ్యూచువల్ ఫండ్లు మన దేశంలో ఉన్నాయి. ఓర్చుకోగలిగినంత మేరకే వాటిలో పెట్టాలి.

చివరగా నామినేషన్. అవివాహితుడిగా ఉన్నప్పుడు తమ్ముడి పేరు రాసినవారు పెళ్ళయ్యాక మళ్ళీ రాయాలి, పాతది చెల్లదు. నామినీగా భార్య పేరున్నంత మాత్రాన మొత్తం సొమ్ము ఆమెది కాదు. షరీఅతు ప్రకారం ఆమె అమానతుదారు. అప్పులు తీర్చి, వసీయత్ ఉంటే నెరవేర్చాక, పిల్లలున్నప్పుడు ఆమెకు ఎనిమిదో వంతు, మృతుని తల్లిదండ్రులుంటే చెరొక ఆరో వంతు, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ రెండింటికొకటి చొప్పున పంచాలి. ఆమెకు వచ్చే వితంతు పింఛను మాత్రం వారసత్వంలో కలవదని పలువురు ఉలమాలు చెబుతారు. ఈ వాటాలు, పి.ఎఫ్. ఖాతా యు.ఎ.ఎన్. నంబరు, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో ఒకే కాగితం మీద రాసి, అది ఏ పెట్టెలో ఉందో ఇంట్లోవారికి ఈ రాత్రే చెప్పి ఉంచండి.