పచ్చి మంచినీళ్ళ మాట

గుంటూరు

చిరంజీవి మానసకు,


నీ ఉత్తరం అందింది. మీ వార్డులో ఉన్న మూడేళ్ళ బాబు తల్లి ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టులను ఒక సహోద్యోగి ఫోన్‌లో తెరిచి చూపించి, "ఈమె మనకు చెప్పేదొకటి, అక్కడ రాసేదొకటి" అన్నాడని రాశావు. వాటిని కేస్‌షీట్‌లోకి ఎక్కించాలా వద్దా తేల్చుకోలేకపోతున్నానన్నావు. పిల్లల వైద్యం నేర్చుకోవడానికి ఇంగ్లండ్ వెళ్ళి ఏడాది తిరగకముందే ఈ ప్రశ్న నీకు ఎదురైంది. నాకు అక్కడ పాతికేళ్ళ సర్వీసు తరువాత ఎదురైంది. అప్పటికీ నేను తప్పే చేశాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదువు.

బిడ్డకు లేని జబ్బు అంటగట్టే తల్లిదండ్రులు నిజంగానే ఉన్నారు. దీన్ని ఎప్పుడూ మరిచిపోకు. 1977లో లీడ్స్‌లో పనిచేసే డాక్టర్ రాయ్ మెడో, లాన్సెట్ పత్రికలో ఇద్దరు పిల్లల సంగతి రాశాడు. ఒక తల్లి పాప మూత్రం శాంపిల్‌లో రక్తం కలిపి ఇచ్చేది. ఇంకొక తల్లి బాబుకు ఉప్పు పట్టించింది. ఆ బాబు దక్కలేదు. జబ్బులు కల్పించుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ళకు 1951లో రిచర్డ్ ఆషర్ 'ముంచౌసెన్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. దానికి మెడో 'బై ప్రాక్సీ' అని చేర్చాడు. మీ వార్డులో ఇప్పుడు దాన్నే ఎఫ్‌ఐఐ (కల్పించిన లేదా కలిగించిన జబ్బు) అంటున్నారు.

2014 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో అయిదేళ్ళ బాబు చనిపోయాడు. తల్లి అతని అనారోగ్యం గురించి ఇంటర్నెట్‌లో రాస్తూ వచ్చిన మనిషి. 2015లో ఆమెకు ఇరవై ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. కోర్టులో ఆమె రాతలూ చూపించారు. కానీ నేరాన్ని పట్టిచ్చినవి వేరు: బాబు రక్తంలో ఏ జబ్బుతోనూ పొసగనంతగా పెరిగిన సోడియం, ట్యూబ్‌తో ఆహారం పట్టే సంచిలో దొరికిన ఉప్పు. రాతలు లేకపోయినా ఆ ఉప్పు సాక్ష్యం చెప్పేది. ఆ ఉప్పు లేకుండా రాతలు మాత్రమే ఉంటే, ఆమె బిడ్డ కోసం కుమిలిపోతున్న తల్లిగానే కనిపించేది.

ఇంగ్లండ్‌లోనే జరిగిన మరో కథ దీనికి తలకిందులు. ఇద్దరు పసిబిడ్డలను పోగొట్టుకున్న ఒక లాయరమ్మ, వాళ్ళను చంపిందన్న నేరంతో 1999లో జైలుకెళ్ళింది. అలాంటి ఇంట్లో ఇద్దరు పిల్లలూ సహజంగా చనిపోయే అవకాశం 7.3 కోట్లలో ఒక్కటని మెడోయే కోర్టులో చెప్పాడు. ఆ లెక్క తప్పని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బాహాటంగా అంది. రెండో బిడ్డ శరీరంలో బ్యాక్టీరియా ఉన్నట్టు చూపిన ల్యాబ్ రిపోర్టు ఒకటి, ఆమె తరఫు వాళ్ళ కంటపడకుండా కాగితాల్లో ఉండిపోయింది. 2003లో ఆమె విడుదలైంది, 2007లో కన్నుమూసింది. బిడ్డ ఒంట్లో ఏముందో చెప్పే కాగితం పక్కన పడి ఉండగా, తల్లి మీద లెక్కలు కట్టారు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదువుకో.

ఇక నా కథ. నేను పనిచేసిన ఆసుపత్రికి ఒక తెలుగు కుటుంబం నాలుగేళ్ళ పాపను తీసుకొచ్చేది. ఎడతెగని వాంతులు, పెరగని బరువు. ముక్కులోంచి ట్యూబ్ వేసి పాలు పట్టేవాళ్ళం. ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ తేలలేదు. తేలని జబ్బు ఉన్న చోట అనుమానం తొందరగా మొలుస్తుంది. ఒంగోలులో ఉన్న తనవాళ్ళ కోసం ఆ తల్లి ఫేస్‌బుక్‌లో తెలుగులో రాసిన పోస్టులను ఎవరో ఇంగ్లీషులోకి మార్పించి మీటింగుకు తెచ్చారు. ఒకచోట, "మూడు రోజులుగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు నా తల్లి" అని ఉంది. మరోచోట, "నిన్న రాత్రి చచ్చి బతికింది" అని.

ఇంగ్లీషులో అవి ఎలా వినబడ్డాయో ఊహించు. మూడు రోజులు నీళ్ళు లేకుండా ఏ బిడ్డ బతుకుతుంది? నర్సుల చార్టులో రోజూ ట్యూబ్ ద్వారా పాలు వెళ్ళినట్టు రాసి ఉంది. గుండె ఆగినట్టు రికార్డులో ఎక్కడా లేదు. తల్లి అబద్ధాలు అల్లుతోందని బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు నిర్ణయానికి వచ్చారు. నోటితో ఏమీ తినలేదని తల్లి బాధపడటమే మొదటి మాటకు అర్థం. రెండోది గండం గడిచిందని మనం రోజూ వాడే మాట. ఆ గదిలో ఇది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మనవాళ్ళను వెనకేసుకొస్తున్నాడని అనుకుంటారేమోనని నోరు విప్పలేదు. పిల్లల రక్షణ విభాగానికి ఫిర్యాదు వెళ్ళింది.

ఆ తరువాత ఆమె పోస్టులన్నీ తీసేసింది. మాతో మాట్లాడటమూ తగ్గించేసింది. ఒక రాత్రి పాపకు జ్వరం, వాంతులు ముంచుకొచ్చాయి. మళ్ళీ వెళితే ఇంకేం రాస్తారోనని ఆమె తెల్లవారేదాకా ఆగింది. వచ్చేసరికి పాప రక్తంలో చక్కెర పడిపోయి ఉంది. అదృష్టం బాగుండి దక్కింది. తరువాత కండరం ముక్క తీసి పరీక్షిస్తే మైటోకాండ్రియా జబ్బని తేలింది. ఫైలు మూసేశారు. ఓపీలో ఆ తల్లి నన్ను ఒక్క ప్రశ్న అడిగింది: "మీరు తెలుగువారే కదండీ, ఆ మాటకు అర్థం మీకూ తెలియదా?" నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ. పోస్టు రాసేవాళ్ళు కేస్‌షీట్ రాయడం లేదు. అర్ధరాత్రి వార్డు కుర్చీలో కూర్చుని, తమవాళ్ళతో మొర పెట్టుకుంటారు. అందులో తెలిసేది వాళ్ళ మనసు సంగతి. బిడ్డ ఒంటి సంగతి బిడ్డ దగ్గరే తెలుసుకోవాలి. నర్సులు తమ కళ్ళతో ఏం చూశారు, నర్సరీ టీచరు ఏం చూసింది, వార్డులో ఉన్న రోజుల్లో బరువు ఎలా నడిచింది, ఇవి ముందు రాసుకో.

నీ సొంత ఫోన్‌లో తల్లిదండ్రుల పేజీలు వెతకకు. పోస్టు నీ దాకా వచ్చిందంటే కన్సల్టెంట్‌కు చెప్పు. అది ఏ రోజు రాసింది, ఏ భాషలో, ఎవరిని ఉద్దేశించి రాసిందో చూడమను. అనువాదమైతే ఆ భాష తెలిసిన మనిషిని పిలవమను. చార్టుతో సరిపోలని మాటలు ఎన్నో, సరిపోలినవి ఎన్నో రెండూ లెక్కపెట్టమను. అనుమానంతో చదివేవాడి కంటికి మొదటివే ఆనుతాయి.

రాయల్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చదువు. అంతుపట్టని లక్షణాలున్న పిల్లల్ని, ప్రమాదం కళ్ళెదుట ఉన్న పిల్లల్ని అది వేరుచేసి చూపింది. మొదటి రకంలో తల్లిదండ్రులతో దాపరికం లేకుండా మాట్లాడాలి. రెండో రకంలో, అంటే శాంపిల్ మార్చినట్టో విషం పెట్టినట్టో అనుమానం ఉంటే, తల్లిదండ్రులకు తెలియనీయకుండా వెంటనే రక్షణ విభాగానికి చెప్పాలి. అక్కడ మొహమాటపడితే బిడ్డ ప్రాణం పోతుంది. అయితే ఆ మార్గదర్శకాల్లోని హెచ్చరిక గుర్తులకు తగిన పరిశోధన బలం లేదని బ్రిటన్ సోషల్ వర్కర్ల సంఘం 2022లో అభ్యంతరం చెప్పింది. అదీ చదువు. ఇంకో డాక్టరుకు చూపించమని పట్టుబట్టడం ఆ గుర్తుల్లో ఒకటి. నేను చెప్పిన పాప తల్లి చేసిందీ అదే. ఆమె పట్టు వల్లే జబ్బు బయటపడింది.

తల్లిదండ్రులు నిన్ను సలహా అడిగితే, రాయొద్దని మాత్రం అనకు. అరుదైన జబ్బున్న బిడ్డతో బతికేవాళ్ళకు అలాంటి మరో కుటుంబం దొరికేది చాలాసార్లు అక్కడే. డాక్టరు ఏమన్నాడో కూడా ఉన్నదున్నట్టు రాయమని చెప్పు. బిడ్డ ఒంటి ఫొటోలు పెట్టేముందు, పదిహేనేళ్ళు వచ్చాక ఆ బిడ్డే వాటిని చూస్తుందని గుర్తుచెయ్యి.

రేపు ఆ బాబు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చో. మీ కన్సల్టెంట్ సరేనంటే, ఆ తల్లికి పోస్టు చూపించి, "ఇది రాసిన రోజు ఏం జరిగిందమ్మా?" అని అడుగు. తరువాత ఆమె చెప్పేది చివరిదాకా విను. ఆనాడు నేను అడగని ప్రశ్న అది.

ఆశీస్సులతో,
పెదనాన్న